కొత్త ల్యాప్‌టాప్‌లో బొమ్మ ఆగిపోతే

హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద ఇస్నాపూర్ దాటి పాశమైలారం పారిశ్రామికవాడ వైపు తిరిగితే షిఫ్టు మారే వేళ రోడ్డంతా కంపెనీ బస్సులే కనిపిస్తాయి. ఆ బస్సులు దిగి అద్దె గదులకు చేరే కుటుంబాల్లో ల్యాప్‌టాప్ కొనడం చిన్న సంగతి కాదు. కొడుకు డిప్లొమా కోసమో, కూతురి ఇంజనీరింగ్ కోసమో కొంటారు. కిస్తీలు మాత్రం ఏడాది పొడవునా జీతంలోంచి పోతూనే ఉంటాయి. పెట్టె తెరవగానే మూత మీద పసుపు, కుంకుమ బొట్టు పెట్టి మరీ ఆన్ చేస్తారు.

చదువుల విషయంలో ఈ ప్రాంతం బాగా మారింది. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా మొదలైన ఐఐటీ హైదరాబాద్ ఇప్పుడు కంది దగ్గర సొంత ప్రాంగణంలో ఉంది. సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. అక్కడ సీటు రానివాళ్లకూ ఐఐటీ మాస్టార్ల పాఠాలు అందుతున్నాయి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అంటే ఈ ఇళ్లలో వీడియో వినోదానికి మాత్రమే కాదు, అది తరగతి గది కూడా.

ఆ తరగతి మధ్యలో హఠాత్తుగా ఆగిపోతుంది. మాస్టారి చెయ్యి సగం రాసిన సమీకరణం దగ్గర నిలిచిపోతుంది. బాణం గుర్తు కదలదు. ఆయన పలుకుతున్న మాటలో చివరి ముక్క ఒక్కటే అరిగిన రికార్డులా గరగరమంటూ మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి మళ్లీ తెరిస్తే బాగానే నడుస్తుంది. అరగంట తర్వాత మళ్లీ అదే కథ. "వారం కాలేదు కొని, అప్పుడే హ్యాంగ్ అవుతోంది" అంటూ ఇల్లంతా కలవరపడుతుంది.

అప్పుడు దొరికే సలహాలు రెండే. ఒకటి నెట్ స్లో అని. రెండోది ఫార్మాట్ కొడితే సరిపోతుందని. రెండింట్లో ఏదో ఒకటి నిజం కావొచ్చు. అయితే ఏం జరుగుతోందో చూడకుండా ఫార్మాట్ కొట్టేస్తే, తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లన్నీ దాంతోపాటే చెరిగిపోతాయి. జ్వరం చూడకుండా ఇంజెక్షన్ వేసినట్టే అవుతుంది.

అసలు వీడియో దగ్గరే ఎందుకు ఆగుతుంది? వర్డ్ ఫైలు తెరిస్తే బాగానే ఉంటుంది, ఎక్సెల్ బాగానే ఉంటుంది, ఒక్కోసారి ఆటలు కూడా ఆడుకోవచ్చు. ఇది అర్థం కావాలంటే తెర వెనక జరిగే పని కొంత తెలియాలి.

మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షలు దాటుతాయి. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు కావాలి. సెకనుకు 30 బొమ్మలు. ఇదంతా ఉన్నదున్నట్టు దాచాలంటే సెకనుకు దాదాపు 186 మెగాబైట్లు, గంటకు సుమారు 670 గిగాబైట్లు పడతాయి. ఇప్పుడు వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది 512 జీబీ డిస్కే. గంట పాఠం కూడా అందులో పట్టదు. అందుకే వీడియోను కుదించి పంపుతారు. బోర్డు కదలదు, గోడ కదలదు, కదిలేది మాస్టారి చెయ్యే. కాబట్టి ప్రతిసారీ బొమ్మంతా పంపకుండా, ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఉన్న తేడా మాత్రమే పంపుతారు. ఈ కుదింపు పద్ధతులనే కోడెక్‌లు అంటారు. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన వీపీ9, హెచ్‌ఈవీసీ, 2018లో వచ్చిన ఏవీ1 వీటిలో ముఖ్యమైనవి.

కుదించినదాన్ని విప్పి, బొమ్మగా పేర్చి తెరకు అందించాలి. ఈ పనికి గ్రాఫిక్స్ చిప్పులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. అది కోడెక్‌ను ఎరిగినదైతే తక్కువ కరెంటుతో, వేడెక్కకుండా పని ముగిస్తుంది. ఎరగనిదైతే ఆ బరువంతా ప్రాసెసర్ మోయాలి. కొత్తగా కొన్నంత మాత్రాన లోపలి చిప్పు కొత్తదని నమ్మడానికి లేదు. ఉదాహరణకు, 2023లో మార్కెట్లోకి వచ్చిన ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7530యూ ప్రాసెసర్ పేరు వింటే కొత్త తరందనిపిస్తుంది. అందులోని గ్రాఫిక్స్ మాత్రం పాత వేగా రకం, ఏవీ1ను సొంతంగా విప్పలేదు. ఇంటెల్‌లో 2020 నాటి 11వ తరం చిప్పులకే ఆ శక్తి ఉంది. ఏవీ1ను విప్పలేని యంత్రంలో ఆ రకం 4కే వీడియో పెడితే బొమ్మ తడబడొచ్చు. దాన్ని పాడైపోయిందనుకోనక్కర్లేదు. 1080కి తగ్గించి చూస్తే తడబాటు తగ్గుతుంది.

తడబడటం వేరు, బిగుసుకుపోవడం వేరు. మనిషిని నిజంగా ఏడిపించేది రెండోదే. ఇక్కడ సంగతి తలకిందులుగా ఉంటుంది. వీడియో పని బరువైంది కాబట్టి యంత్రం ఆగిందనుకుంటాం. కొన్నిసార్లు పని తేలికైంది కాబట్టే ఆగుతుంది. సెకనుకు 30 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు 33 మిల్లీసెకన్ల వ్యవధి. బొమ్మను విప్పడం అందులో కొద్దిపాటి పనే. మిగిలిన సమయమంతా కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ కునుకు తీస్తుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. పాఠం సాగినంతసేపూ సెకనుకు ఎన్నోసార్లు ఇదే తంతు. ఆట ఆడేటప్పుడు దానికి కునుకు దొరకదు కాబట్టి లేవాల్సిన అవసరమే రాదు. కునుకులోంచి లేవడంలో ఏ చిన్న లోపమున్నా వీడియో దగ్గర బయటపడే అవకాశం ఎక్కువ.

ఇది ఊహ కాదు. 2013లో ఇంటెల్ తెచ్చిన బే ట్రెయిల్ చిప్పులను చవక ల్యాప్‌టాప్‌లలో విరివిగా వాడారు. విండోస్‌కు బదులు లైనెక్స్ వేసుకున్నవాళ్లకు వాటితో పెద్ద తంటా వచ్చిపడింది. యంత్రం ఏ హెచ్చరికా లేకుండా కొయ్యబారేది. లోతైన కునుకులోకి వెళ్లకుండా చిప్పును కట్టడి చేసే ఒక చిన్న ఆదేశం స్టార్టప్‌లో చేరిస్తే మాత్రం గంటల తరబడి నిక్షేపంగా నడిచేది. బ్యాటరీ త్వరగా అయిపోయేది, అదొక్కటే నష్టం. 2015 నుంచి ఏళ్లపాటు వాడకందార్లు ఆ చిట్కాతోనే నెట్టుకొచ్చారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ 2022 నాటిది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. ఏఎండీ రైజెన్ యంత్రాల్లో దాన్ని ఫర్మ్‌వేర్, అంటే యంత్రంలోనే నాటి ఉండే సాఫ్ట్‌వేర్, ద్వారా నడుపుతారు. ఆ ఫర్మ్‌వేర్ మదర్‌బోర్డు మీది ఫ్లాష్ మెమొరీతో మాట్లాడే క్షణంలో కొన్ని యంత్రాలు మొత్తంగా బిగుసుకుపోయేవి. బొమ్మ ఆగేది, మాట గరగరలాడేది, మళ్లీ తేరుకునేది. కొన్నవాళ్లు ర్యామ్ మార్చారు, విండోస్ మళ్లీ వేశారు, గ్రాఫిక్స్ డ్రైవర్లు తిరగేశారు. ఏదీ పనిచేయలేదు. 2022 మార్చిలో లోపం తమ ఫర్మ్‌వేర్‌దేనని ఏఎండీ ఒప్పుకుంది. మే నుంచి బయోస్ అప్‌డేట్లు రావడం మొదలైంది. మరుసటి ఏడాది లైనెక్స్‌లోనూ అదే జబ్బు తలెత్తితే, లైనెక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా కల్పించుకుని టీపీఎంకు సంబంధించిన ఒక సదుపాయాన్ని పక్కన పెట్టించాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థలనే తిప్పలు పెట్టిన లోపాన్ని పటాన్‌చెరు సందులోని రిపేరు కొట్టు కుర్రాడు ఒక్క ఫార్మాట్‌తో ఎలా వదిలిస్తాడు?

కాబట్టి ముందు గమనించాలి. ఆగినప్పుడు తెర మీద గుండ్రం తిరుగుతూ ఉందా? బాణం గుర్తు కదులుతోందా? అయితే అది నెట్ సంగతే కావొచ్చు. తేల్చుకోవడం సులువు. ఫోన్‌తో అరగంట వీడియో తీసి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, వైఫై ఆపేసి వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టాలి. అది ఆగకుండా నడిస్తే యంత్రం మీద అనుమానం చాలావరకు పోతుంది. అదీ ఆగిందంటే నెట్‌ను నిందించి లాభం లేదు.

బాణం గుర్తు కూడా కదలకపోతే వెంటనే పవర్ బటన్ మీదికి వెళ్లకూడదు. ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడాలి. దాని చిన్న దీపం వెలిగి ఆరుతోందంటే లోపల యంత్రం బతికే ఉంది, తెర దారి మాత్రమే మూసుకుపోయింది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ ఒకేసారి నొక్కాలి. చిన్న బీప్ వినిపించి, తెర ఒక్క క్షణం నల్లబడి, బొమ్మ తిరిగొస్తే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను వేలెత్తి చూపొచ్చు. క్యాప్స్ లాక్ దీపం కూడా మొండికేస్తే అంతా ఆగిపోయినట్టే. అప్పుడు మాత్రమే పవర్ బటన్. ఈ రెండు క్షణాల పరీక్ష, ఆ సమయంలో పక్కనున్నవాళ్లు ఫోన్‌తో తీసిన చిన్న వీడియో, తర్వాత సర్వీసు సెంటర్లో గంట వాదన కంటే ఎక్కువ పనికొస్తాయి.

విండోస్ తనకు జరిగింది తానే రాసిపెట్టుకుంటుంది. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతికితే రోజువారీ చిట్టా తెరుచుకుంటుంది. ఎర్ర గుర్తులున్న రోజుల మీద నొక్కితే ఏ ప్రోగ్రాం కూలిందో కనిపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 అనే నంబరు ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ పలకడం మానేసి మళ్లీ లేచిందని అర్థం. గ్రాఫిక్స్ నుంచి రెండు సెకన్లపాటు జవాబు రాకపోతే విండోసే దాన్ని తట్టి లేపుతుంది. డబ్ల్యూహెచ్‌ఈఏ అనే పేరుతో ఎర్రర్లు ఉంటే అనుమానం హార్డ్‌వేర్ మీదికి మళ్లాలి. 41 అనే నంబరు చూసి చాలామంది కంగారు పడతారు. యంత్రం పద్ధతిగా ఆగకుండా కరెంటు తెగిందని మాత్రమే అది చెబుతుంది. పవర్ బటన్ నొక్కిపట్టింది మనమే కదా.

ఈ ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే ఇంకో కారణం గురించి తప్పక చెప్పాలి. నాలుగైదు వేలు తగ్గుతుందని డాస్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఉన్నారు. అంటే అందులో విండోస్ ఉండదు. దగ్గర్లోని కొట్టులో ఎవరో పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేసిస్తారు. డ్రైవర్లు సగం పడతాయి, సగం పడవు. డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడాలి. ఇంటెల్ అనో ఏఎండీ అనో కాకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే, వీడియో విప్పే ప్రత్యేక భాగం అసలు పనిలోకే దిగలేదన్నమాట. దొరికిన డ్రైవర్ ప్యాక్ ఏదో వేసేయకుండా, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి తయారీ కంపెనీ సైటు నుంచే గ్రాఫిక్స్, చిప్‌సెట్ డ్రైవర్లు రెండూ తెచ్చుకోవాలి.

విండోస్‌తోనే వచ్చిన యంత్రమైనా మొదటి రెండు రోజులు దానికి ఊపిరాడదు. అప్‌డేట్లు దిగుతుంటాయి, ఫైళ్ల జాబితా తయారవుతుంటుంది, కంపెనీ ముందే వేసిన ట్రయల్ యాంటీవైరస్ ఒకపక్క తనిఖీ చేస్తుంటుంది. ఒక రాత్రంతా చార్జర్ పెట్టి, నెట్ కలిపి వదిలేసి, పొద్దున్న రీస్టార్ట్ చేశాకే మంచిచెడ్డలు చూడాలి. ఆ ట్రయల్ యాంటీవైరస్ అవసరం లేదు, తీసేయొచ్చు. విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు.

బ్రౌజర్‌లో మాత్రమే ఆగి, వీఎల్‌సీలో బాగా నడుస్తుంటే క్రోమ్ సెట్టింగుల్లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడాలి. ఆపితే బిగుసుకోవడం తగ్గిందా, తప్పు డ్రైవర్‌ది. ఇది పరీక్షే తప్ప వైద్యం కాదు. అలాగే వదిలేస్తే ప్రాసెసర్ మీద బరువు పడి బ్యాటరీ కరిగిపోతుంది. డ్రైవర్ సరిచేసుకుని మళ్లీ ఆన్ చేసుకోవాలి.

బయోస్ అప్‌డేట్ చాలా లోపాలను తీరుస్తుందని ఏఎండీ ఉదంతమే చెబుతోంది. అయితే అది సగంలో ఆగితే యంత్రం మొత్తానికే మూగబోవచ్చు. గాలివాన వచ్చి కరెంటు ఊగిసలాడే సాయంత్రం ఆ పని పెట్టుకోకూడదు. బ్యాటరీ నిండా ఉండాలి, చార్జర్ కూడా కలిపి ఉండాలి. విండోస్ 11 యంత్రాల్లో డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉండొచ్చు. బయోస్ మారాక అది రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఇక వేడి. చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదార్లు చెప్పే పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో మే నెల పగటి వేడి 40 దాటడం మామూలే. రేకుల గదిలో అయితే చెప్పనే అక్కర్లేదు. దానికి తోడు పరుపు మీద పెట్టి చూస్తే అడుగునున్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. సాధారణంగా 100 డిగ్రీల దగ్గరికి చేరగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే వేడి వల్ల వచ్చే ఇబ్బంది ముందు తడబాటుగా కనిపిస్తుంది, మరీ మితిమీరితే యంత్రం ఆరిపోతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చెక్కబల్ల మీద పెట్టి అదే పాఠం నడిపితే ఈ అనుమానం తేలిపోతుంది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద కూడా ఒకసారి చూడాలి. చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే బాణం గుర్తు గెంతుతూ, మూత మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంటే గదిలో ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిన పని అది.

ఇక్కడి గాలి గురించి కూడా ఒక మాట. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన అత్యంత కలుషిత పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు, బొల్లారం ఉన్నాయి. గాలిలోని గంధక సమ్మేళనాలు రాగిని తినేస్తాయి. భారత్, చైనాల నుంచి వాపసు వచ్చిన కంప్యూటర్ల మదర్‌బోర్డుల్లో రాగి తీగలు అలా తుప్పు పట్టినట్టు తమ ఇంజనీర్లు గుర్తించారని 2013లో ఇంటెల్ వెల్లడించింది. వారం నాటి ల్యాప్‌టాప్‌కు ఇది కారణం కాదు. మూడేళ్లు వాడాలనుకునే యంత్రాన్ని మాత్రం రసాయనాల వాసన వచ్చే కిటికీ పక్కన పెట్టకపోవడం మేలు.

ఇవన్నీ చూశాక కూడా, చల్లటి గదిలో, కంపెనీ డ్రైవర్లతో, నెట్ లేకుండా, సొంత ఫైలు నడిపినా యంత్రం కొయ్యబారుతోందంటే ఇక ఇంట్లో చేయగలిగింది ఒక్కటే. విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్ నడిపి ర్యామ్‌లో తప్పుందేమో చూడటం. ర్యామ్ పలక సరిగ్గా కూర్చోకపోయినా ఇలాగే అవుతుంది. అయినా మూత విప్పే పని మనది కాదు, పక్క కొట్టువాళ్లదీ కాదు. వాళ్ల చెయ్యి పడితే వారంటీ పేరుతో కంపెనీ తప్పించుకునే దారి మనమే తెరిచినట్టవుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అనుభవజ్ఞులు ఎందరో ఉన్నారు, వారంటీ తీరాక వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. వారంటీలో ఉన్న యంత్రానికి అధీకృత సర్వీసే దారి. అక్కడ ఫిర్యాదు నోటితో చెప్పి రాకూడదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ వీడియో దగ్గర ఆగింది, క్యాప్స్ లాక్ పనిచేసిందా అన్నది కాగితం మీద రాసిచ్చి, జాబ్ షీట్ తీసుకోవాలి. "సార్, చెక్ చేశాం, బాగానే ఉంది" అని తిప్పి పంపితే ఫోన్‌లో తీసిన వీడియో చూపించి అదే జాబ్ షీట్ మీద రాయమనాలి.

అప్పటికీ కదలకపోతే చట్టం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా బెంగళూరులో ఉన్నా, కొన్న మనిషి తానుండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. పాశమైలారం కార్మికుడు సంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే చాలు. అయిదు లక్షల లోపు విలువున్న కేసుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అంతకుముందే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

రెండేళ్లున్నాయి కదా అని ఊరుకోవడానికి లేదు. ఆన్‌లైన్‌లో కొన్న ల్యాప్‌టాప్‌కు మార్చి ఇచ్చే గడువు తరచుగా ఏడు రోజులే ఉంటుంది, అది దాటితే రిపేరే గతి. బిల్లు మీది తేదీ చూసుకోండి. ఆరో రోజు సాయంత్రానికల్లా ఈ పరీక్షలన్నీ ముగించి, ఫిర్యాదు నంబరు చేతిలో పెట్టుకోండి.